వాటికన్ ఆలస్యం చేసింది, పని ఇంకా మిగిలే ఉంది

వాటికన్, ఇజ్రాయెల్ మధ్య పూర్తి స్థాయి దౌత్య సంబంధాలు 1994 జూన్‌లో గానీ మొదలు కాలేదు. అప్పటికి ఇజ్రాయెల్ ఏర్పడి 46 ఏళ్లు. ఎందుకంత ఆలస్యమంటే "మతం అడ్డొచ్చింది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటాం. నన్నడిగితే అది సగం నిజమే. మతపరమైన అడ్డు 1965లోనే తొలగిపోయింది. ఆ తర్వాత దాదాపు ముప్పై ఏళ్లు ఆపింది రాజకీయం. అన్నాళ్లు ఆగి ఉండాల్సింది కాదు.

మతం నిజంగా అడ్డుగా ఉన్న రోజులు ఎలా ఉండేవో 1904 జనవరి నాటి ఒక భేటీలో కనిపిస్తుంది. యూదులకు సొంత దేశం కావాలని తిరుగుతున్న థియోడర్ హెర్జల్ పదో పయస్ పోపును కలిశారు. పోపు చెయ్యి చాచారు. దాన్ని ముద్దు పెట్టుకోవాలని ముందే చెప్పి పంపినా హెర్జల్ పెట్టుకోలేదు. ఆ సంగతీ, పోపు నశ్యం పీల్చి పెద్ద ఎర్ర రుమాలులో తుమ్మిన సంగతీ హెర్జల్ తన డైరీలో రాసుకున్నారు. అడిగిన మద్దతు మాత్రం దొరకలేదు. యూదులు మా ప్రభువును గుర్తించలేదు, కాబట్టి యూదు జాతిని మేం గుర్తించలేం అన్నారు పోపు. ఆ జులైలోనే హెర్జల్ చనిపోయారు.

ఆ తర్వాత నాజీల చేతుల్లో అరవై లక్షల మంది యూదులు బలయ్యారు. అయినా 1964లో ఆరో పాల్ పోపు పవిత్ర భూమికి వెళ్లినప్పుడు ఇజ్రాయెల్ అన్న పేరు పలకలేదు. మరుసటి ఏడాది ప్రపంచ కతోలిక బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ, యేసు మరణానికి యూదు జాతి మొత్తాన్ని నిందించడం తప్పని ప్రకటించింది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే.

మరి ఇంకా ఎందుకు ఆగారు? జెరూసలేం ఎవరిదో తేలలేదు, పాలస్తీనా శరణార్థుల గతి తేలలేదు, అరబ్ దేశాల్లోని క్రైస్తవులకు ఏమవుతుందోనన్న టెన్షన్. ఇవి ఉత్త భయాలు కావు. మన భారతదేశం కూడా 1950లోనే ఇజ్రాయెల్‌ను గుర్తించి, పూర్తి సంబంధాలకు 1992 దాకా ఆగింది. కానీ రాయబారిని పంపడమంటే ఎదుటివాళ్లు చేసిందంతా ఒప్పుకున్నట్టు కాదు. ముఖాముఖి కూర్చుని అడగడానికి దారి వేసుకోవడం.

చివరికి ఇజ్రాయెల్, పాలస్తీనా నాయకుల మధ్య ఓస్లో ఒప్పందం కుదిరాక, 1993 డిసెంబరు 30న వాటికన్, ఇజ్రాయెల్ ఒప్పందం మీద జెరూసలేంలో సంతకాలయ్యాయి. వాటికన్ తొలి రాయబారిగా ఆర్చిబిషప్ మాంటెజెమోలో నియమితులయ్యారు. ఆయన తండ్రిని 1944లో రోమ్ శివారు ఆర్డియటైన్ గుహల్లో నాజీలు కాల్చి చంపారు. అక్కడ చనిపోయిన 335 మందిలో యూదులు 70 మందికి పైనే. ఆ కొడుకును ఎంచుకోవడంలో నాకు ఎంతో మర్యాద కనిపిస్తుంది.

తర్వాత జరిగింది చూస్తే పాత భయాలు నిలవలేదు. 2014లో ఫ్రాన్సిస్ పోపు హెర్జల్ సమాధి మీద పుష్పగుచ్ఛం ఉంచారు. ఆయన హయాంలోనే 2015లో వాటికన్ పాలస్తీనా దేశంతోనూ ఒప్పందం చేసుకుంది. ఒకరితో సంబంధం పెట్టుకుంటే రెండోవాళ్లను వదిలేసినట్టు కాలేదు.

ఇప్పుడు తేల్చాల్సింది ఇజ్రాయెల్‌తో చర్చి ఆస్తులు, పన్నుల ఒప్పందం. చర్చలు మొదలైన రెండేళ్లలో ముగించాలనుకున్నది దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. 2018 ఫిబ్రవరిలో జెరూసలేం నగరపాలక సంస్థ చర్చి ఆస్తుల మీద పన్ను వసూలుకు దిగితే, కతోలికులు సహా క్రైస్తవ పెద్దలు అక్కడ యేసు సమాధి ఉందని నమ్మే పవిత్ర సమాధి ఆలయాన్ని మూడు రోజులు మూసేశారు. అంత దాకా వచ్చాకే వసూలు ఆగింది. హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల ఆంథోనీ గారు 2022లో కార్డినల్ అయ్యాక వాటికన్ వ్యవహారం మనకు పరాయిది కాదు. ఏటా పవిత్ర భూమి యాత్రకు వెళ్లే మన కతోలిక కుటుంబాలు తమ పీఠాధిపతుల దగ్గర ఈ ప్రశ్న ఎత్తాలి: ఆ ఒప్పందం ఎప్పటికి పూర్తవుతుంది?