వెంట్రుకలు రాల్చే గడ్డం బ్రష్షు గారికి

మహారాజశ్రీ గడ్డం బ్రష్షు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి అని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. నేను క్షేమమే. తమరిలో ఒక భాగం మాత్రం ఈ మధ్యాహ్నం దాకా నా ఎడమ చెవి కింద అతుక్కుని ఉంది. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి నా మొహం వైపు చూడకుండా ఆ చెవి వైపే చూస్తూ మాట్లాడుతుంటే, చూపు ఏమైనా తేడానేమో పాపం అనుకున్నాను. తీరా అద్దంలో చూసుకుంటే ఎండిన నురగలో నిక్కి నిలబడి ఒక వెంట్రుక. మొదలు తెలుపు, నడుమ నలుపు, కొస మళ్ళీ తెలుపు. మీ కుచ్చుకి వెంట్రుకలిచ్చిన జంతువు, బ్యాడ్జర్ గారిదే, సందేహం లేదు.

మా మర్యాదల్లో లోపం ఎక్కడ జరిగిందో సెలవివ్వండి. కొత్త అల్లుడికి కూడా ఇన్ని ఉపచారాలు జరగవు. మరిగే నీళ్ళు తగిలితే వెంట్రుక పెళుసెక్కుతుంది, అడుగున జిగురు వదులవుతుంది అన్నారు కదా అని గోరువెచ్చని నీళ్ళే పోశాను. సబ్బు మీద తిప్పినా, చెంప మీద తిప్పినా కొసలే ఆనించాను. పిడి దాకా అదిమి రుద్దితే నడిమి వెంట్రుకలు విరిగి కుచ్చు మధ్యలో గుంట పడుతుందని తెలుసు కనక. పనయ్యాక మొదళ్ళలో సబ్బు మిగలకుండా కడిగి, మెలితిప్పకుండా, లాగకుండా అరచేత్తో నొక్కి పిండి, విదిలించి, పొడి తువ్వాలు మీద నాలుగుసార్లు అటూ ఇటూ ఆడించి, గాలి తగిలేచోట నిలబెట్టాను. తడి ఆరకుండా డబ్బాలో పెట్టి మూత బిగిస్తే బూజు పడుతుందని ప్రయాణాల్లో కూడా మిమ్మల్ని బయటే కూర్చోబెట్టాను. ఉప్పునీళ్ళతో సబ్బు కలిసి మొదళ్ళలో తెల్లగా పేరుకుంటే, వెనిగర్ కలిపిన నీళ్ళలో స్నానం కూడా చేయించాను. తలకిందులుగా వేలాడదీయలేదని అలిగారా? ఆ స్టాండు అమ్ముకునేవాళ్ళ మాటలు మీరు కూడా నమ్ముతారా?

కొత్తలో కొన్ని రాలాయి. జిగురు సరిగ్గా అందని వెంట్రుకలు మొదట్లో రాలడం మామూలే అన్నారు, నోరుమూసుకున్నాను. మొదట్లో వచ్చిన తడి జంతువు వాసనకీ నోరుమూసుకున్నాను. కానీ ఈ మొదట్లో అన్నది ఎప్పుడు అయిపోతుంది స్వామీ? నురగలో ఒకటి. బేసిన్ అంచున ఒకటి. రేజరులో బ్లేడు సందున ఇరుక్కుని, గోటితో లాగితే రాక, పళ్ళు కొరికించింది ఒకటి. పై పెదవి మీది నుంచి తిన్నగా నోట్లోకి దిగింది ఒకటి.

రాలినవాటిని దీపం కింద పెట్టి మరీ చూశాను. ముక్కలుగా విరిగి ఉంటే అది వాడకం వల్ల అని ఒప్పుకునేవాణ్ణే. ముక్కలు కావు. మొదలంటా నిండు వెంట్రుకలు! అంటే కుచ్చు అడుగున జిగురే పట్టు వదిలింది. నిన్ను తయారుచేసినవాడు పిడికి మెరుగు పెట్టడానికి పెట్టిన శ్రద్ధ జిగురు దగ్గర పెట్టలేదన్నమాట. అమ్మినవాడికి చెబితే, "వాడుతూ ఉండండి సార్, అదే ఆగిపోతుంది" అన్నాడు. ఆగక ఏం చేస్తుంది? అన్నీ రాలాక ఇంక రాలడానికి ఏముంటుంది గనక! నా నెత్తి మీదివి ఎలాగూ నన్నడక్కుండానే పోతున్నాయి. ఒకే అద్దం ముందు ఇద్దరికీ బట్టతల ఎందుకయ్యా?

జాతి గొప్ప అంటావా, ఆ లెక్కలూ తీద్దాం. 1914-18 యుద్ధంలో మీ బ్యాడ్జర్ వెంట్రుక దొరక్క గుర్రపు వెంట్రుకకి మీ వేషం వేసి అమ్మారు. సరిగ్గా శుద్ధి చేయని ఆ కుచ్చుల వల్ల సిపాయిలకీ మామూలు జనానికీ ఆంత్రాక్స్ అనే పశువుల రోగం అంటుకుని ప్రాణాలే పోయాయి. అది మావాళ్ళ తప్పు కాదు అంటావు. అవును, నీకెప్పుడూ తప్పు వేరేవాళ్ళదే.

నిజం చెప్పాలంటే నురగ విషయంలో నీకు వంక పెట్టలేను. డబ్బాలోంచి బుస్సుమని వచ్చే నురగ మొహం మీద ఊరికే కూర్చుంటుంది. నువ్వు గుండ్రంగా తిరుగుతూ ఒక్కో వెంట్రుక కిందికీ దూరి, దాన్ని తడిపి, లేపి నిలబెడతావు. నీళ్ళు కాస్త తక్కువై నురగ బిగుసుకుంటే రెండు చుక్కలకే మళ్ళీ మెత్తబడతావు. ఆ చివర్లో పైకీ కిందికీ నిదానంగా పూసేటప్పుడు చెంపకి తగిలే మెత్తదనం ఉంది చూడు, దాని మొహం చూసే ఇన్నాళ్ళూ ఊరుకున్నాను.

అయితే ఈ రోజు నీ పక్కన ఒకణ్ణి నిలబెట్టాను, చూశావుగా. సింథటిక్, అంటే కృత్రిమ వెంట్రుకల బ్రష్షు. నానబెట్టక్కర్లేదు, కడిగితే ఇట్టే ఆరిపోతాడు. వాడికి వంశం లేదు, వాసన లేదు. రేపు పొద్దున నురగలో ఇంకొక్క వెంట్రుక కనబడిందా, బేసిన్ దగ్గర కొలువు వాడిది. నీకు కీబోర్డు మీద దుమ్ము దులిపే పోస్టు ఖాళీగా ఉంది.

ఇట్లు,
నీ యజమానిననుకుంటున్నవాడు