పెట్రోలు లేని ప్రళయానికి ఒక ప్రణాళిక

ఎవరూ అడగకపోయినా, ఏ కమిటీలోనూ నన్ను వేయకపోయినా, విశాఖ మహానగరం మేలు కోరి ఒక ముసాయిదా తయారు చేశాను. ఉన్నపళంగా ఊరు ఖాళీ చేయాల్సి వచ్చి, సరిగ్గా అప్పుడే బంకుల్లో చుక్క పెట్రోలు లేకపోతే జనాన్ని ఎలా తరలించాలన్నది విషయం. తుపాను రావచ్చు, గ్యాసు లీకవ్వచ్చు, గల్ఫ్ చమురు ఓడలు దాటే హోర్ముజ్ జలసంధి దగ్గర ఎవరో ఎవరి మీదో అలగొచ్చు. మన దేశం వాడే ముడి చమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటి నుంచి వచ్చేదే. వాళ్లక్కడ అలిగితే మనం మద్దిలపాలెంలో లైను కడతాం.

ప్రస్తుతానికి నగరం దగ్గర ఉన్న ప్రణాళిక ఒకటే. 'రేపట్నుంచి నో స్టాక్ అంట' అని వాట్సాప్‌లో రాగానే చెప్పులైనా సరిగ్గా వేసుకోకుండా బండి తీసుకుని బంకుకి పరిగెత్తడం. క్యూలో ఇంజిన్ ఆపకుండా నిలబడి, ట్యాంకులో ఉన్నది కాస్తా కాల్చేసి, ఫుల్ కొట్టించి, ఇంటికొచ్చి బండిని సెల్లార్‌లో పెట్టి, కవరు కప్పి, హమ్మయ్య అనుకోవడం. ఆ తర్వాత ఎక్కడికీ వెళ్లరు. వెళ్తే పెట్రోలు అయిపోతుందని భయం. నాకర్థమైనంత వరకు మనవాళ్ల లెక్కలో ఊరు ఖాళీ చేయడమంటే బండిని క్షేమంగా దాటించడం. మనిషి దానికి తోడు వెళ్తాడంతే.

విశాఖలో పెట్రోలు దొరకదంటే బయటి ఊరివాళ్లు నవ్వుతారు. 1957 నుంచి ఇక్కడ రిఫైనరీ ఉంది. అది చాలదన్నట్టు లోవ గార్డెన్స్ వైపు కొండ రాతిని తొలిచి, భూగర్భంలో 13.3 లక్షల టన్నుల ముడి చమురు పట్టే గుహలు కట్టారు. దేశంలో ఇలాంటి వ్యూహాత్మక నిల్వ కేంద్రాల్లో ముందు సిద్ధమైంది మనదే, మంగళూరు, పాదూరు తర్వాత వచ్చాయి. అంటే 'నో స్టాక్' బోర్డు ముందు మనం తిట్టుకుంటూ నిలబడ్డ సమయానికి, ఇదే ఊళ్లో నేల కింద చమురు నిద్రపోతూ ఉంటుంది. అది దేశానికి ఆపద వచ్చినప్పుడు వాడేది, మన యాక్టివాకి ఆపద వచ్చినప్పుడు కాదు. పైగా ముడి చమురు. కక్కుర్తిపడి బండిలో పోస్తే బండి అక్కడే శాశ్వతంగా ప్రదర్శనశాల అయిపోతుంది.

ఇంధనం లేక పారిపోవడం గురించి మాట్లాడుతున్నాం గానీ, ఇంధనం నుంచే పారిపోయిన రోజు కూడా ఈ ఊరికి ఉంది. 1997 సెప్టెంబర్ 14, ఆదివారం. రిఫైనరీలో గ్యాసు లీకై మంటలు లేచి 60 మంది దాకా చనిపోయారు. మల్కాపురం చుట్టుపక్కల వాళ్లు కట్టుబట్టలతో పరుగెత్తారు. ఆ రోజు ఎవరూ మైలేజీ లెక్కలు వేసుకోలేదు. 2014 అక్టోబర్ 12, హుద్‌హుద్ తుపాను. అదీ ఆదివారమే. తెల్లారి చూస్తే ప్రతి రోడ్డుకీ అడ్డంగా చెట్టు, చెట్టు మీద స్తంభం, స్తంభం కింద ఎవరిదో కారు. ఫుల్ ట్యాంకు ఉన్నవాడూ, ఖాళీ ట్యాంకు ఉన్నవాడూ ఒకేలా కొమ్మలు తప్పించుకుంటూ పాల ప్యాకెట్టు కోసం నడిచారు. సమసమాజం అంత త్వరగా ఏ పార్టీ తేలేదు. బంకులో స్టాకున్నా పంపు కొట్టడానికి కరెంటు లేదు, జనరేటర్ పెడదామంటే దానికి డీజిలు కావాలి. అందుకే ఈవీ స్కూటర్ల వాళ్లు ఈ వ్యాసం చదివి ముసిముసిగా నవ్వుకోనక్కర్లేదు. ఆ నవ్వు ట్రాన్స్‌ఫార్మర్ పేలేదాకానే.

ఇక నగరం దగ్గరున్న ప్రత్యామ్నాయ వాహనాల లెక్క తీశాను. లెక్క తీస్తుంటే గర్వంతో ఛాతీ ఉప్పొంగింది. ఆర్కే బీచ్ రోడ్డులో ఒక పక్క ఐఎన్‌ఎస్ కురుసుర సబ్‌మెరైన్, దానికెదురుగా టీయూ-142 యుద్ధవిమానం. టికెట్టు కొంటే ఎవరైనా ఎక్కొచ్చు. ఇంత ఘనమైన రవాణా వ్యవస్థ రోడ్డు పక్కన పెట్టుకున్న ఊరు ఇంకోటి చూపించండి. రెండింటికీ చుక్క ఇంధనం అక్కర్లేదు, ఎందుకంటే రెండూ కదలవు. వీటితో పాటు మెట్రో రైలు కూడా ఉంది. 2014 విభజన చట్టంలోనే దాని ప్రస్తావన ఉంది. అప్పట్నుంచి అది కాగితాల మీద ఏ ఇంధనమూ లేకుండా నడుస్తోంది. కాలుష్యం లేదు, ప్రమాదాలు లేవు, ఆలస్యమైందని ప్రయాణికుడు ఎవడూ ఫిర్యాదు చేయలేదు.

బీచ్‌లో గుర్రాలున్నాయి కదా అని ఒక గుర్రాలాయన్ని కదిపాను. సాయంత్రం పూట, గుర్రానికి కళ్లెం సర్దుతూ, నా ప్రశ్న మొత్తం ఓపిగ్గా విన్నాడు. ప్రళయం వస్తే దీని మీద ఊరి బయట ఆనందపురం దాకా వెళ్లొచ్చా అని అడిగితే గుర్రం వైపు ఒకసారి చూసి అన్నాడు: "ఇది ఇక్కణ్ణుంచి అల్లక్కడ ఐస్‌క్రీం బండి దాకా ఎల్తాది బావూ, మల్లీ ఎనక్కొచ్చేస్తాది. అంతకు మించి దారి దానికీ తెల్దు. పోనీ నువ్వెక్కి ఫొటో దిగుతావేటి?" దిగాను. ముసాయిదాకి అనుబంధంగా జత చేస్తున్నాను.

ఎడ్లబండి విషయంలో చరిత్ర మన పక్షాన ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేస్తే, జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయారు. బండి దొరికినవాడు బండిలో, రైలు దొరికినవాడు రైల్లో, ఏదీ దొరకనివాడు కాళ్ల మీద. ఎడ్లబండి గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు పోతుంది. నవ్వకండి, సాయంత్రం ఆరింటికి జగదాంబ జంక్షన్‌లో మీ కారు వేగం కూడా అంతే. చిక్కల్లా ఎడ్లతో. హైవే డివైడర్ పక్కన నిండుగా పడుకుని నెమరేసుకుంటున్న పశుసంపద ఎంతో ఉంది గానీ, వాటిలో ఒక్కదాని మెడ మీదా కాడి ఆనిన గుర్తు లేదు. అవి బండి లాగడానికి పుట్టలేదు, బండ్లను ఆపడానికి పుట్టాయి. కాడి కట్టడం తెలిసినవాడు, నాడాలు కొట్టేవాడు, ఇరుసుకి కందెన రాసేవాడు ఈ ఊళ్లో ఎక్కడ దొరుకుతారో ఆన్‌లైన్‌లో వెతికితే, ముందు కార్ సర్వీసింగ్ సెంటర్లు చూపించింది.

పడవల సంగతి త్వరగా ముగిస్తాను. మరబోట్లకు డీజిలు కావాలి, తెప్పలకు కూడా ఇప్పుడు మోటార్లే. తెరచాప ఎత్తడం తెలిసినవాళ్లు జాలరిపేటల్లో ముసలివాళ్లయిపోయారు. అయినా తుపానప్పుడు సముద్రంలోకి వెళ్లొద్దని మైకులో చెప్పి, అదే సముద్రం మీదుగా జనాన్ని పంపడం బాగుండదు.

రైలు మాత్రం ఆశ పుట్టించింది. బైలదిలా గనుల నుంచి ఇనుప ఖనిజం నింపుకుని కిరండూల్ లైన్లో గూడ్సు బండ్లు విశాఖకు వస్తాయి, దించేసి ఖాళీగా వెనక్కి వెళ్తాయి. కరెంటు లైను కాబట్టి పెట్రోలు గొడవ లేదు. ఆ ఖాళీ వ్యాగన్లలో జనాన్ని ఎక్కిస్తే సరి, ఎర్రటి దుమ్ముతోనైనా క్షేమంగా కొండెక్కుతారు. కరెంటు ఉంటేనే సుమా. అయితే రైలు అరకు మీదుగా వెళ్తుందన్న సంగతి బయటికి పొక్కకూడదు. పొక్కిందా, ఊరు ఖాళీ చేయమంటే 'ఎన్ని రోజులు ప్యాకేజీ, బొంగు చికెన్ కలిపేనా' అని అడుగుతారు. మంచు పడే రోజుల్లో అయితే ఆపద లేనివాళ్లు కూడా వచ్చి ఎక్కుతారు.

ఇంత వెతికాక, ఈ ఊరు తన శక్తిని తానే మర్చిపోయిందని తేలింది. కరెంటు బిల్లు లెక్కలో చెప్పాలంటే లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. కష్టజీవి రోజంతా ఒళ్లొంచి చేసే పని అర యూనిట్‌ పైచిలుకు. అంటే ఒక్క లీటరు రెండు వారాల మనిషి కష్టంతో సమానం. ఇంజిన్ అందులో ముప్పాతిక వంతు వేడిగా పోగొట్టుకుంటుంది కాబట్టి నాలుగు రోజుల కష్టం అనుకోండి. ఆ నాలుగు రోజుల కష్టాన్ని మనం వీధి చివర కరివేపాకు తేవడానికి ఖర్చు పెడుతున్నాం. కరివేపాకుకి కారు తీసే ఈ మనిషే, ఆషాఢ పౌర్ణమి వచ్చేసరికి చెప్పుల్లేకుండా 32 కిలోమీటర్లు నడుస్తాడు.

సింహాచలం గిరి ప్రదక్షిణ చూడనివాళ్లకు ఇది నమ్మశక్యం కాదు. మధ్యాహ్నం కొండ కింద తొలిమెట్టు, అదే తొలిపావంచా, దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే రాత్రంతా రోడ్ల మీద జనమే జనం. అడవివరం, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్, వెంకోజీపాలెం, ఎన్ఏడీ, గోపాలపట్నం. వర్షం పడితే పడుతుంది, ఎవడూ ఆగడు. డెబ్బై ఏళ్ల మామ్మ నడుముకి కొంగు బిగించి నడుస్తుంటే, పక్కన మనవడు 'ఇంకెంత దూరమే' అని మూలుగుతుంటాడు. అడుగడుక్కీ మజ్జిగ, పులిహోర, మోకాళ్లకు స్ప్రే. లక్షల మంది ఒక్క రాత్రిలో, ఒక్క లీటరు కాల్చకుండా, నటరాజా సర్వీసులో మహానగరాన్ని చుట్టేస్తారు. ప్రపంచంలోని విపత్తు నిర్వహణ నిపుణులంతా వచ్చి కాగితం, కలం పట్టుకుని రోడ్డు పక్కన కూర్చోవాల్సిన ఘట్టం ఇది.

కాబట్టి నా మొదటి సిఫార్సు: తరలింపు అనే మాటే ఎత్తొద్దు. 'అప్పన్న స్వామి ప్రత్యేక ప్రదక్షిణ' అని ప్రకటించండి. ఊరు సగం ఖాళీ. ఇందులో ఒక సాంకేతిక లోపం ఉంది: ప్రదక్షిణ కదా, బయల్దేరిన చోటికే తిరిగొస్తారు. తెల్లారేసరికి లక్షల మంది పుణ్యం మూటగట్టుకుని మళ్లీ ప్రమాదం మధ్యలో నిలబడతారు. దీనికీ ఉపాయం ఉంది. హనుమంతవాక దగ్గర పులిహోర స్టాళ్లను బీచ్ వైపు తీసేసి మధురవాడ వైపు పెట్టాలి. జనం దేవుణ్ణి నమ్ముకుని నడుస్తారు గానీ, మలుపు మాత్రం పులిహోరని బట్టే తిరుగుతారు. పోర్టులో ఎగరేసే తుపాను హెచ్చరికల్లో ఆఖరిది 11వ నంబరు, వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని దానర్థం. అది ఎగిరేలోపు జనమంతా 11వ నంబరు బస్సు ఎక్కేసి, అదే రెండు కాళ్ల మీద ఆనందపురం దాటేసి ఉండాలి.

నడవలేనివాళ్ల మాటేమిటని మీరు అడుగుతారు. పక్షవాతం వచ్చిన పెద్దాయన, నిండు చూలాలు, నిన్ననే ఆపరేషన్ అయినవాళ్లు. ఇక్కడే నా ముసాయిదా ఆగిపోయింది. ఏ దేశం అనుభవాన్ని అరువు తెచ్చుకుందామా అని తెగ ఆలోచించి, చివరికి పేపర్లో జిల్లా పేజీ తిప్పితే అందులో ఉంది. 2022 దాకా మన ఉమ్మడి విశాఖలోనే ఉండి, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా అయిన మన్యంలో, రోడ్డు లేని కొండ గూడేల్లో ఇంధనరహిత అత్యవసర తరలింపు ఎప్పట్నుంచో అమల్లో ఉంది. ఒక వెదురు కర్ర, దానికి దుప్పటి కట్టిన డోలీ, మోయడానికి భుజాలు మార్చుకునే నలుగురు. నొప్పులు పడుతున్న ఆడమనిషిని గెడ్డలు దాటించి, రాళ్ల మీద జారకుండా, అంబులెన్సు రాగలిగిన చోటు దాకా కిలోమీటర్ల కొద్దీ మోస్తారు. వాళ్లకు పెట్రోలు కొరత తెలీదు, రోడ్డే లేనప్పుడు పెట్రోలు ఉంటే ఎంత, లేకపోతే ఎంత. మాక్ డ్రిల్లు లేదు, సైరన్ లేదు, నోడల్ ఆఫీసర్ లేడు. మనం ఆ ఫొటో చూసి అయ్యో అంటాం, పేజీ తిప్పి బంగారం ధర చూస్తాం.

ఇంత అనుభవం ఉన్నవాళ్లను వదిలేసి ఎవరెవరినో కన్సల్టెంట్లుగా పెట్టుకోవడం అన్యాయం. బీచ్ రోడ్డులో స్టార్ హోటల్లో సదస్సు పెట్టి, వాళ్లను వేదిక మీద కూర్చోబెట్టి, శాలువా కప్పి, పవర్‌పాయింట్ వేసి 'ఇంధనం లేకుండా మేం ఊరు ఎలా దాటాలి' అని అడగాలని సిఫార్సు చేశాను. వాళ్లు ఏమంటారో కూడా ఊహించగలను. "మీకు రోడ్డుందా?" అంటారు. ఉంది, ఆనందపురం నుంచి అనకాపల్లి దాకా ఆరు వరసలు అంటాం. "మరి మీ కష్టమేటి?" అంటారు. దానికి మన దగ్గర స్లైడు లేదు.

సదస్సుకి నిధులు వచ్చేలోగా నమూనాగా ఒక అపార్ట్‌మెంటులో అమలు చేద్దామని అసోసియేషన్ మీటింగులో ముసాయిదా చదివాను. గిరి ప్రదక్షిణ పద్ధతికి చప్పట్లు కొట్టారు. గుర్రం ఫొటో అందరూ చూశారు. డోలీ దగ్గరికొచ్చేసరికి సెక్రటరీ గారు రిజిస్టరులో గీత గీసి రెండు కాలమ్‌లు చేశారు, ఒకటి ఎక్కేవాళ్లకి, ఒకటి మోసేవాళ్లకి. ఎక్కేవాళ్ల కాలమ్ పది నిమిషాల్లో నిండి ఇంకో కాగితం అంటించాల్సి వచ్చింది. రోజూ జిమ్‌కెళ్లే మూడో అంతస్తు కుర్రాడు తనకు నడుం నొప్పి ఉందని మొదటి కాలమ్‌లోనే రాయించుకున్నాడు. ఇన్వర్టర్ బ్యాటరీని కూడా డోలీలోనే తీసుకెళ్లాలని ఒకాయన సవరణ పెట్టారు, ఏకగ్రీవంగా నెగ్గింది. మోసేవాళ్ల కాలమ్‌లో మొత్తం ఒకే పేరుంది. శ్రీకాకుళం నుంచి వచ్చి కింద షెడ్డులో ఉండే వాచ్‌మన్‌ది. ఆ సమయానికి అతను మీటింగుకి టీలు తేవడానికి వెళ్లాడు గనక, ఎదురుగా ఉన్న సంతకం గడిలో సెక్రటరీ గారే సంతకం పెట్టేశారు.