లెసన్ ప్లాన్ రికార్డు గారి దివ్యసముఖానికి

అయ్యా బీఈడీ రికార్డు గారూ,

ఆయ్, కులాసానా అండీ? మేం గోదావరోళ్ళం. దెబ్బలాడేటప్పుడు కూడా గారూ, అండీ అనకపోతే మాకు నోరు తిరగదు. అంచేత ఈ మర్యాద చూసి మీరేం పొంగిపోకండి.

2017లో నేను బీఈడీలో చేరగానే మా పిన్ని అటకెక్కి, బూజు దులిపి, ఏ పాఠం ఎలా చెప్పాలో ముందే రాసుకునే తన లెసన్ ప్లాన్ రికార్డు నా చేతిలో పెట్టింది. పిన్నిది ఏడాది బీఈడీ. టీచరు చదువులకి నిబంధనలు పెట్టే ఎన్‌సీటీఈ వారి 2014 నిబంధనలతో అది రెండేళ్ళయింది. ఇంటర్న్‌షిప్ 20 వారాలన్నారు, దానికి హాజరు 90 శాతం ఉండాలన్నారు. మారనిది మీరొక్కరే. పిన్ని తన సీనియర్‌ని చూసి రాసింది, ఆ సీనియరు ఎవర్ని చూసి రాసిందో గోదారి తల్లికే ఎరుక. ఆరో తరగతి సైన్సు పాఠంలో, బోధనోపకరణాల గడిలో పిన్ని 'టేప్ రికార్డరు' అని రాసుకుంది. నేనూ రాశాను. టేప్ రికార్డరు మా బళ్ళో లేదు, ఊళ్ళోనూ లేదు. సూపర్‌వైజరు గారు సరిగ్గా దాని పక్కనే ఎర్రసిరాతో టిక్కు పెట్టి సంతకం చేశారు.

మిమ్మల్ని నమ్ముకుని బతికేవాళ్ళు తక్కువేం కాదులెండి. మా కాలేజీ ఎదురుగా జిరాక్సు కొట్టాయన రాసిపెట్టిన రికార్డులే అమ్మేవాడు. ముత్యాల్లాంటి దస్తూరీకి ఒక రేటు, కోడిగీతలకి ఒక రేటు. ఫీజుతో పాటు హాజరు కూడా కొనుక్కుని, పరీక్షలకి తప్ప మొహం చూపించని నా సహాధ్యాయుల తరఫున బడికెళ్ళి పాఠాలు చెప్పొచ్చింది ఎవరంటారు? మీరే. టీచరు కోర్సులే నడిపే 10,000కి పైగా బీఈడీ, డీఈడీ కాలేజీల్లో ఎక్కువ భాగం డిగ్రీలు అమ్ముకుంటున్నాయని జస్టిస్ వర్మ కమిషన్ 2012లో తేల్చిందట. ఆ మాట ఎత్తి 2020 జాతీయ విద్యా విధానంలోనూ రాసుకున్నారు. కమిషన్ వారు పాపం మా జిరాక్సు కొట్టు చూడలేదు. చూసుంటే రేట్ల పట్టిక కూడా జతచేసేవారు.

ఇక తనిఖీ రోజు మీ వైభోగం! 200 మంది విద్యార్థులకి 16 మంది అధ్యాపకులు ఉండాలని నిబంధన. మాకు తెలిసిన మొహాలు ఆరు. మిగతావారు ఆ ఉదయం రావులపాలెం బస్సు దిగారు. మా సైకాలజీ మేడమ్ గారెవరో మాకూ అప్పుడే తెలిసింది. హార్మోనియం రామాలయం భజన మందిరం నుంచి వచ్చింది, శనివారం సాయంత్రానికల్లా తిరిగివ్వాలన్న షరతు మీద. సైన్సు ల్యాబ్‌లో వేలాడే అస్థిపంజరం పక్క మండలం కాలేజీది, దానికో ఎడమచెయ్యి లేదు. వీటి నడుమ మీరు మాత్రం అట్టలు వేసుకుని, లేబుళ్ళు అంటించుకుని, టేబులు మీద పెళ్ళికొడుకులా కూర్చున్నారు. వచ్చినవారు మిమ్మల్నే తిరగేశారు, ఆత్రేయపురం పూతరేకుల పెట్టెలు పుచ్చుకున్నారు, వెళ్ళారు. పాఠం చెప్పే గదివైపు ఎవరూ రాలేదు. వచ్చుంటే బాగుండేది. ఆ రోజు అక్కడ పిల్లలు లేరనుకోండి.

మీతో నాకు అసలు తగువు ఇక్కడ కాదు, ఆ ఆరో తరగతి గదిలో.

పదార్థాల్ని వేరుచేయడం, పాఠం. మీ పద్ధతి ప్రకారం ముందు మూడు ప్రశ్నలడగాలి. మొదటి రెండింటికీ పిల్లలు సమాధానం చెప్పాలి, మూడోదానికి 'తెలియదు' అనాలి. వాళ్ళలా అన్నాకే మనం వెనక్కి తిరిగి బోర్డు మీద పాఠం పేరు రాయాలి. నేను ముందురాత్రే మీలో నింపేసుకున్నాను. బియ్యంలో రాళ్ళు? చేత్తో ఏరతాం. టీలో పొడి? వడకడతాం. బురదనీళ్ళలో మట్టి? తెలియదు.

మూడో ప్రశ్నకి నేను బోర్డువైపు తిరగబోతున్నాను. వెనక బెంచీలోంచి, గోదారి మధ్య లంకలో ఉండే ఒక పిల్లాడు లేచాడు.

"నాకు తెలుసు టీచరండీ! వరదప్పుడు ఎర్రనీళ్ళొత్తాయి కదండీ. మా మామ్మ కుండ లోపల చిల్లగింజ అరగదీసి నీళ్ళు పోసుద్దండి. తెల్లారేసరికి మట్టంతా అడుక్కి దిగిపోద్దండి."

నాకు చిల్లగింజ తెలీదు. చెమటలు పట్టాయి. సూపర్‌వైజరు గారు వెనక కుర్చీలో వేరేవాళ్ళ రికార్డుకి టిక్కులు పెట్టుకుంటున్నారు, తలెత్తలేదు. మర్నాడు వాడు నిక్కరు జేబులోంచి బొత్తాంలాంటి గింజ తీసి నా చేతిలో పెట్టాడు. గాజుగ్లాసుకి రుద్ది, కాలవనీళ్ళు పోసి, కిటికీలో పెట్టి అందరం కూర్చుని చూశాం. సన్నటి మట్టిరేణువుల్ని ముద్దగట్టించి కిందకి దింపడం పటిక చేసే పనే, ఆ గింజా అదే చేస్తుంది. రెండేళ్ళ బీఈడీలో నేను నిజంగా చెప్పిన పాఠం అదొక్కటే, అదైనా చెప్పింది వాడు. మీలో దాన్ని రాయడానికి గడి వెతికాను, లేదు. పెన్సిలుతో 'తెలియదు' కొట్టేసి పక్కన 'చిల్లగింజ' అని రాశాను.

తర్వాతి సంగతి మీకు అనవసరం గానీ చెబుతాను. టీచరు అర్హత పరీక్ష టెట్ రాశాను. 150 ప్రశ్నలు, 150 మార్కులు, సుద్దముక్క ముట్టుకునే పని లేదు. దాని వెయిటేజీ 20 శాతం కలుపుకుని డీఎస్సీ రాశాను. 2025లో 16,347 పోస్టులకి నోటిఫికేషన్ ఇస్తే అందులో ఒకటి నాకు దక్కింది. మా హెడ్మాస్టారు 22 ఏళ్ళుగా పిల్లలకి లెక్కలు చెబుతున్నారు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది: టెట్ లేని రోజుల్లో చేరినవారిలో కూడా, రిటైర్మెంటుకి అయిదేళ్ళకి మించి సర్వీసు ఉన్నవారు రెండేళ్ళలో టెట్ పాసవ్వాలట. ఆయన ఇప్పుడు లంచ్ గంటలో కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, పిల్లల మనసు ఎదిగే తీరు మీద పియాజే అనే సైకాలజిస్టు చెప్పిన వికాస దశలు పైకి వల్లిస్తున్నారు. పిల్లలు కిటికీలోంచి చూసి నవ్వుకుంటున్నారు.

నిన్న కాలేజీ క్లర్కు గారు ఫోన్ చేశారు. మళ్ళీ తనిఖీట, ఈసారి కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ వారు వస్తున్నారట, ఆధారంగా చూపించడానికి మీరే నీటుగా ఉన్నారట.

"మేడమ్ గారూ, ఒక్కటేనండి. 37వ పేజీలో ఎవరో పెన్సిలుతో గీకేశారండి. రబ్బరు పెట్టి చెరిపేసి, మళ్ళీ తెలియదు అని రాసేస్తానండి?"

ఇట్లు,
తమ పాత లేఖరి