దాచమన్నదీ మనమే, దండించేదీ మనమే

పెళ్లయిన కొద్దిరోజులకే కోడలికి ఫిట్స్ వచ్చాయని పుట్టింటికి పంపేసే ఘటనలు ఆగడం లేదు. పంచాయితీలో, పోలీస్ స్టేషన్‌లో, చివరకు కోర్టులో వినిపించేది ఒకటే మాట: 'మా దగ్గర దాచారు'. నిజమే, దాచారు. చెప్పిన మరుక్షణం సంబంధం తప్పిపోతుంది గనుకే దాచారు.

హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు మూర్ఛ కూడా పెళ్లికి అనర్హతే. 1999లో పార్లమెంటు ఆ పదాన్ని తీసేసింది. ఆ దారి మూసుకుపోయాక 12వ సెక్షన్‌లోని 'మోసం' దొడ్డిదారి అయింది. జబ్బు ఉన్నందుకు కాదు, చెప్పనందుకు పెళ్లి రద్దు చేయమని అడుగుతారు. అవతలివారికి తెలుసుకునే హక్కు ఉంది, కాదనం. కానీ నిజం వినగానే గుమ్మం దిగిపోయేవారికి, చెప్పలేదని నిలదీసే నైతిక హక్కు ఎక్కడిది?

దాపరికానికి మొదట బలయ్యేది మాత్ర. పెళ్లిచూపుల నాటికే మందుల డబ్బా అటక ఎక్కుతుంది. 'పెళ్లయితే అదే తగ్గిపోతుంది' అని పెద్దల భరోసా. ఆపైన ఉపవాసం, అర్ధరాత్రి ముహూర్తం, వరసగా నిద్రలేని రాత్రులు. ఫిట్స్‌ను రెచ్చగొట్టే వాటిలో ముఖ్యమైనవి మాత్ర తప్పడం, నిద్ర చాలకపోవడం. ఆ రెండింటినీ ఒకే రోజుకు సమకూర్చేది మనమే. మందు హఠాత్తుగా ఆపితే ఒక ఫిట్ తగ్గకముందే ఇంకొకటి అందుకోవచ్చు. అయిదు నిమిషాలు దాటితే ప్రాణాపాయం, 108కు ఫోన్ చేయాలి. పెళ్లివారు చేసేదేమో చేతిలో తాళంచెవులు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం. చెంచా వల్ల పళ్లు విరుగుతాయి, తాళంచెవుల ఇనుముతో ఫిట్ ఆగదు. చేయవలసింది పక్కకు తిప్పి పడుకోబెట్టడం, తలకింద మెత్తటి గుడ్డ పెట్టడం, గడియారం చూడడం. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్లు కూడా తాగించకూడదు.

అసలు ఘోరం ఆ తర్వాతిది. ఫిట్స్‌కు ఇచ్చే వాల్‌ప్రోయేట్ అనే మందు వాడుతూ గర్భం దాలిస్తే, పుట్టే పదిమందిలో దాదాపు ఒకరికి అవయవలోపం ఉంటుంది. బిడ్డ వెన్నుపాము ఏర్పడే నాళం మూసుకునేది గర్భం నిలిచిన నాలుగు వారాల్లోపే. అప్పటికి నెల తప్పిన సంగతే చాలామందికి తెలియదు. కాబట్టి లామోట్రిజిన్, లెవెటిరాసెటామ్ వంటి మందుకు మారడం, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టడం గర్భానికి ముందే జరగాలి. అత్తింట్లో దొంగచాటుగా మాత్ర మింగే అమ్మాయి ఎవరిని వెంటబెట్టుకుని న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తుంది? భయపడి తనంతట తాను మానేస్తే తల్లికీ బిడ్డకూ ముప్పే. జాగ్రత్తగా మందు వాడుకున్న తల్లుల్లో అత్యధికులకు ఆరోగ్యవంతులైన పిల్లలే పుడుతున్నారు. సరైన చికిత్స అందితే పదిమందిలో ఏడుగురి దాకా ఫిట్స్ లేకుండా బతకవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది.

ఆ అవకాశాన్ని పిల్ల చేతిలోంచి లాక్కుంటున్నది జబ్బు కాదు, ఇరువైపుల పెద్దలు. మాత్రలు మాన్పించి పీటల మీద కూర్చోబెట్టిన తల్లిదండ్రులు పెళ్లిపందిట్లో పిల్ల పడిపోతే దిష్టి తగిలిందనడం ఇకనైనా మానాలి. నిజం చెప్పినవారి ముందు కాఫీ కప్పు కింద పెట్టి లేచిపోయిన పెద్దమనుషులు మోసపోయామంటూ కోర్టు మెట్లెక్కడానికి సిగ్గుపడాలి.