బెల్టు సరే, కొక్కెం ఎక్కడ తగిలించాలి?

చెన్నై శివార్లలో ఒరగడం, శ్రీపెరుంబుదూర్ లాంటి పారిశ్రామిక ప్రాంతాల్లో పనిలో చేరే శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్లకు మొదటి రోజు సాధారణంగా జరిగే తంతు ఇది. గదిలో కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తారు. చెప్పేది తమిళంలో, మధ్యమధ్య హిందీలో. చివర్లో రిజిస్టర్‌లో సంతకం, చేతికో హెల్మెట్. సేఫ్టీ ట్రైనింగ్ అయిపోయింది!

భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో పాత ఫ్యాక్టరీల చట్టానికి 111ఎ సెక్షన్ చేర్చి, శిక్షణను కార్మికుడి హక్కు చేశారు. మంచిదే. కానీ తనిఖీకి వచ్చినవాళ్లకు కనిపించేది సంతకమే.

లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనిస్తే, ఒక కొత్త పని ఆలోచించకుండా చేసే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18, కొందరికి 254. అదీ నీళ్లు తాగడం, నడక లాంటి చిన్న పనులకు, రోజూ ఒకే సందర్భంలో చేస్తే. రేకుల్ని నొక్కి ఆకారం తెచ్చే ప్రెస్ మెషీన్ ముందు చెయ్యి ఎక్కడుండాలో ఒక్క పూటలో వంటబడుతుందా?

అలవాటు పుట్టేది పనిచేసే చోటే. రైలింజన్‌లో లోకో పైలట్, అసిస్టెంట్ సిగ్నల్‌ను చేత్తో చూపిస్తూ రంగు పైకి చెప్పుకుంటారు. చూసేవాళ్లకు నవ్వొస్తుంది గానీ, ఇలా వేలుపెట్టి చూపి చెప్పడాన్ని జపాన్‌లో 1994లో పరీక్షిస్తే, 100 పనుల్లో తప్పులు 2.38 నుంచి 0.38కి తగ్గాయి. ప్రెస్ మెషీన్ల దగ్గరా స్విచ్ నొక్కే ముందు ‘గార్డు (చెయ్యి లోపలికి పోకుండా ఉండే అడ్డు) ఉంది, చెయ్యి బయట’ అని తెలుగులోనే అనిపించొచ్చు. పైసా ఖర్చు లేదు.

అయితే దాన్ని చెడగొట్టడానికి ఒక్క సూపర్‌వైజర్ చాలు. నెలాఖరు, టార్గెట్ టెన్షన్, ‘గార్డు తీసెయ్, పీసులు పెరుగుతాయి’ అంటాడు. పక్కన సీనియర్ అప్పటికే తీసేసి ఉంటాడు. కొత్త కుర్రాడు నేర్చుకునేది అదే. అందుకే నా మటుకు, క్లాసులో ముందు కూర్చోవాల్సింది సూపర్‌వైజర్, మేస్త్రీ. గార్డు లేదని మెషీన్ ఆపినవాడికి ఆ రోజు ఇన్సెంటివ్ కోయకూడదు.

ఇంకో సంగతి. 2014 జూన్ 28న చెన్నై దగ్గర మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో ఉత్తరాంధ్ర వలస కూలీలు చాలామంది. ఏ మంచి అలవాటూ వాళ్లను కాపాడేది కాదు. కాబట్టి ప్రమాదం జరిగిన ప్రతిసారీ ‘కూలీ అజాగ్రత్త’ అని రాసేస్తే ఒప్పుకోకూడదు. ఎత్తున పనిచేసేవాడు సేఫ్టీ బెల్టు కట్టుకుంటాడు. కానీ దాని కొక్కెం తగిలించడానికి, జారితే పడకుండా ఆపే లైఫ్‌లైన్ తాడే ఉండదు. ఆ కొక్కేన్ని తన నడుముకే తగిలించుకుని పని కానిస్తాడు.

శిక్షణ ఫలించిందా అని చూడాలంటే రిజిస్టర్ తిరగేయక్కర్లేదు. మూడో నెలలో, చెప్పాపెట్టకుండా నాలుగో అంతస్తు ఎక్కి ఆ కొక్కెం ఎక్కడుందో చూస్తే తెలిసిపోతుంది.