తప్పు శతాబ్దానిదా?

జెనీవాలోని షాంపెల్ దగ్గర 1903లో నిలబెట్టిన ఒక స్మారక శిల ఉంది. మైకేల్ సెర్వెటస్ అనే స్పెయిన్ వైద్యుణ్ణి 1553 అక్టోబరు 27న సజీవంగా తగలబెట్టింది ఆ ప్రాంతంలోనే. శిల నిలబెట్టినవాళ్లు ఆ రోజుల్లో జెనీవాలో ప్రొటెస్టెంట్ మతాన్ని నడిపించిన సంస్కర్త కాల్విన్ అనుయాయులే. తమ గురువు మీద గౌరవం చాటుకుంటూనే, జరిగింది ‘ఆయన శతాబ్దపు తప్పు’ అని దాని మీద చెక్కించారు. 350 ఏళ్లకైనా తప్పని ఒప్పుకున్నందుకు మెచ్చుకోవాల్సిందే. దాన్ని శతాబ్దం ఖాతాలో వేయడం దగ్గరే మాకు పేచీ.

త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడనే క్రైస్తవ నమ్మకాన్ని), శిశు బాప్తిస్మాన్ని కాదంటూ పుస్తకం రాయడమే సెర్వెటస్ నేరం. రక్తం గుండె కుడివైపు నుంచి ఊపిరితిత్తుల మీదుగా ఎడమవైపు చేరుతుందని యూరప్‌లో తొలిసారి అచ్చులో చెప్పింది కూడా ఆ పుస్తకమే. దాని ప్రతులు మూడే మిగిలాయి.

కాథలిక్కులకూ ప్రొటెస్టెంట్లకూ అప్పట్లో ఉప్పూ నిప్పూ. అయినా ఫ్రాన్స్‌లోని వియెన్‌లో మారుపేరుతో వైద్యం చేసుకుంటున్న అతణ్ణి పట్టించడానికి సాక్ష్యంగా పనికొచ్చిన ఉత్తరాలు కాథలిక్ విచారణాధికారులకు అందింది కాల్విన్ దగ్గర్నుంచే! అక్కడి జైలు నుంచి తప్పించుకుంటే దిష్టిబొమ్మను కాల్చారు. జెనీవాలో దొరికాక మనిషినే కాల్చారు. పరదేశిని, ఇక్కడి పద్ధతులు తెలియవు, లాయర్ని ఇప్పించండి అంటే కుదరదన్నారు. పేలు ప్రాణంతోనే పీక్కు తింటున్నాయి, బట్టలు చిరిగిపోయాయి, మార్చుకోను ఇంకో చొక్కా లేదు అని సెప్టెంబరులో నగర మండలికి మొరపెట్టుకున్నాడు. మంట వద్దు, తల నరకండి అని కాల్విన్ సూచించాడు. ఆయన చూపిన దయ అంతే. మండలి ఆ మాత్రం కూడా వినలేదు.

శిక్షకు ముందు స్విస్ నగరాలు బెర్న్, జ్యూరిక్, బాసెల్, షాఫ్‌హౌసెన్‌ల ప్రొటెస్టెంట్ చర్చిల అభిప్రాయం అడిగారు. నాలుగూ సెర్వెటస్‌నే తప్పుపట్టాయి. ‘ఆ రోజులు అలాంటివి’ అనేవాళ్లకు ఇంతకు మించిన ఆధారం దొరకదు. ఎక్కడి పాత దారుణం గురించి మాట్లాడినా ఆ మాట అనేసి పక్కకు తప్పుకోవడం మనకూ అలవాటే.

మరి అదే బాసెల్‌లో సెబాస్టియన్ కాస్టెల్లియో ఉన్నాడు. ఒకప్పుడు కాల్విన్ పిలిస్తే జెనీవా బడిలో పనిచేసి, ఆయనతో పడక వెళ్లిపోయినవాడు. ‘మనిషిని చంపడం సిద్ధాంతాన్ని కాపాడటం కాదు, మనిషిని చంపడమే’ అని కాస్టెల్లియో రాసింది ఏ ఆధునిక యుగంలోనో కాదు, మరుసటి ఏడాది 1554లోనే. ఆ శతాబ్దానికి విషయం తెలుసు. చెప్పినవాడి నోరు నొక్కారు, అంతే. ఆ రచన 1612 దాకా అచ్చుకే నోచుకోలేదు. కాస్టెల్లియో మీదా మతద్రోహం ఫిర్యాదులు వెళ్లాయి. అవి తేలకముందే 1563లో, 48 ఏళ్లకు చనిపోయాడు.