ఐరిష్ పేర్లలో కూర్చున్న హెచ్ గారికి

అయ్యా హెచ్ గారూ,

మీరు నన్ను ఎరగరు. మీ వల్ల నా పరువెలా పోయిందో మాత్రం మా ఆఫీసులో అందరూ ఎరుగుదురు.

డబ్లిన్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి వారం. టీమ్ లిస్టులో ఒక కుర్రాడి పేరు: టీ, ఏ, డీ, హెచ్, జీ. తెలుగు మీడియంలో చదువుకున్నదాన్ని, రాసింది రాసినట్టు చదవడం తప్ప వేరే విద్య రాదు. మీటింగులో గొంతు సవరించుకుని ‘తఢ్గ్’ అన్నాను. నాకు పొలమారిందనుకుని పక్కనున్నావిడ మంచినీళ్ల సీసా నా వైపు జరిపింది. ఆ పేరు ‘టైగ్’ అట. టైగర్‌కి తోక కోసేస్తే మిగిలేది!

ఇంతకీ అందులో మీరు చేస్తున్న పనేమిటండీ? హాజరుపట్టీలో సంతకం ఉంటుంది, కుర్చీకి కోటు వేలాడుతుంటుంది, మనిషి మాత్రం ఉండడు. పైగా పక్కనున్న డీ గారిని కూడా టీ తాగడానికి లాక్కుపోయారు. ఇంకొకడు ఈ, ఓ, జీ, హెచ్, ఏ, ఎన్. వాడు ‘ఓవెన్’. అక్కడ మీతో పాటు జీ గారు మాయం. ఈ, ఓ, ఐ, ఎన్ అని రాసుకునేవాడూ ఓవెనే. ఇంగ్లీషు పద్ధతిలో రాసుకునేవాడూ ఓవెనే. ముగ్గురూ మా ఫ్లోర్‌లోనే ఉన్నారు. ‘ఓవెన్‌కి మెయిల్ పెట్టు’ అంటే నాకు టెన్షన్.

ఐర్లండ్‌లోని గ్లెండలాక్‌లో మఠం పెట్టిన సెయింట్ కెవిన్‌ని కూడా మీరు వదల్లేదు. ఐరిష్‌లో ఆయన పేరులో ఎమ్ పక్కన చేరి, దాని చేత ‘వ’ అనిపిస్తున్నారు. డోనల్ పేరులో అదే ఎమ్ పక్కన కూర్చుని, దాని నోరే నొక్కేశారు.

మీ అవసరం నిజంగా ఉన్నచోట చూద్దామా అంటే, మీరు లేరు. షాన్‌ని ఐరిష్‌లో ఎస్, ఈ, ఏ, ఎన్ అని రాసి ఏ మీద ఒక గీత పెడతారు. (ఆ గీత మరిచిపోతే ‘ముసలి’ అని అర్థమట. మా సాఫ్ట్‌వేర్ దాన్ని మింగేసి పాతికేళ్ల కుర్రాడికి పింఛను వయసు తెచ్చిపెట్టింది. అది మీ తప్పు కాదులెండి.) అదే పేరు అమెరికా వెళ్లేసరికి ఎస్ పక్కన బుద్ధిగా నిలబడి ‘ష’ పలికిస్తున్నారు. సొంతూళ్లో వేలు కదపనివాడు అమెరికాలో చెమటోడ్చడం మా వాళ్లకేం కొత్త కాదు.

మీ పుట్టుపూర్వోత్తరాలు టైగే చెప్పాడు. పాత ఐరిష్ అచ్చులో అక్షరం పలుకు మెత్తబడిందని చెప్పడానికి తల మీద ఒక చుక్క పెట్టేవారట. మామూలు రోమన్ అచ్చులోకి మారాక ఆ చుక్క ఉద్యోగం పూర్తిగా మీ చేతికొచ్చింది. చుక్కకి సరిపోయే జాగాలో ఒక నిలువెత్తు అక్షరం! మా అరసున్న కూడా పలక్కుండా శతాబ్దాలు కూర్చుంది కానీ, పాపం, రిటైరైపోయింది. మీకూ 1940లలో వర్ణక్రమ సంస్కరణలో చాలా పదాల్లో కోత పడింది. రోరీ పేరులోంచి డీతో సహా దిగిపోయారు. టైగ్ పేరులో మాత్రం కుర్చీ వదల్లేదు.

ఇదంతా క్యాంటీన్లో టైగ్ దగ్గరే వెళ్లగక్కాను. అతను తాపీగా నా ఐడీ కార్డు తిప్పి చూశాడు. “మా భాషలో టీ పక్కన హెచ్ వస్తే రెండూ కలిసి ‘హ’. కాహల్ అనే పేరు అలాగే రాస్తాం. ఆ లెక్కన నువ్వు స్వాహి” అన్నాడు.

టీ పక్కన మీరు లేకపోతే నన్ను ‘స్వాటి’ అంటారని, మా నాన్న పదో తరగతి ఫారంలో ఏరికోరి మిమ్మల్ని కూర్చోబెట్టారు. ఉత్తరాదిలో స్వాతులందరూ మీరు లేకుండానే బతికేస్తున్నారు. తీయించేద్దామంటే పాస్‌పోర్టు, వీసా, పాన్ కార్డు అన్నిట్లోనూ తిష్ఠ వేశారు.

ఇట్లు,
స్వాతి
(మీ లెక్కలో స్వాహి)